ఉమ్మడి గదిలోని పూర్ణ

ఆషాఢమాసము సగము గడచెను. గ్రీష్మాతపసంతప్తయై చిరకాలము నిట్టూర్పులు విడిచిన ధరాతలము తొలకరిజల్లులకు గొంత సేదదేఱి మృద్గంధమును వెదచల్లుచుండగా నవనీలజీమూతపటలాచ్ఛాదితమగు గగనము పట్టపగలే సంధ్యాసమయమును దలపించుచుండెను. పాండవులమెట్టమీదుగా వచ్చు చల్లగాలి పెద్దాపురమునందలి యింటింటి పెరడు దూఱి యచ్చటి గోరింటకొమ్మల నూపి విడుచుచుండెను. ఏ వాకిట జూచినను రోటిచప్పుడు. ఏ యరుగున జూచినను అరచేతులు రెండును చాచుకొని ముక్కుమీద నీగ వ్రాలినను దోలుకొనలేక తల యాడించుచు గూర్చున్న బాలికలు. ఆషాఢమున నాడుదాని చేయి పండకుండరాదని యాయూరి ముత్తైదువల శాసనము. ఆ శాసనమును ధిక్కరించిన చేతులు ఆ వీధిలో రెండే యుండెను. అవి హైమవతివి.

హైమవతి యెవరో మొదట చెప్పెదను. ఉన్నతపాఠశాలలో లెక్కలు చెప్పు విశ్వపతిగారి యిల్లాలు, పేరిందేవమ్మగారి పెద్దకోడలు, అంతకుమించి పూర్ణ యను నైదేండ్ల బాలికకు దల్లి. తల్లి యనియే చెప్పవలయును గాని తల్లియై యుండెనని చెప్పరాదు. బిడ్డతోపాటు తల్లితనమును బోవునదైనచో నాయమ్మ బ్రతుకు కొంత సులువై యుండెడిది. కిందటి కార్తికమున వచ్చిన విషజ్వరము కొలది దినములలోనే యా బాలికను గొనిపోయెను. ఆ దుఃఖమును వర్ణించుట నాకు జేతకాదు, చేతనైనను వర్ణింపను.

ఆ యింట నొక యాచారము గలదు. వయసు నిండి పోయిన పెద్దలకు బటము గట్టించి దండ వేయుదురు గాని పసిబిడ్డ పోయినచో నా రూపమును గాగితముపై నెక్కింపరు, గోడకు దగిలింపరు. పటము గట్టిన పసిబిడ్డ మరల నా యింట బుట్టదట. కావున బిడ్డ గంతులు వేసిన యా యింటి గోడలయందు దేవుళ్ళును ముత్తాతలును నుండిరి గాని పూర్ణ యెచ్చటను లేదు. పూర్ణ యున్నది కంప్యూటరులో మాత్రమే.

ఆ కంప్యూటరు చరిత్రము గొంత చెప్పక తీఱదు. దానిని గొని తెచ్చినవాడు హైమవతి మఱది గోపీనాథము. విద్యుచ్ఛక్తి కార్యాలయమున నుద్యోగము చేయుచు తీగెల సంగతులన్నియు దెలిసినవాడు గనుక పెట్టెల సంగతులును దనకు దెలియునని దృఢముగా నమ్మినవాడు. నడిమింట బల్లమీద లేసుగుడ్డ కప్పుకొని కొలువుదీఱిన యా యంత్రమునకు నింటిల్లిపాదియు యజమానులే. విశ్వపతిగారి ప్రశ్నపత్రముల నెత్తిమీద నొకనాడు పేరిందేవమ్మగారి హరికథలు వచ్చి కూర్చుండెను. మఱియొకనాడు గోపీనాథుని జీతపు కాగితములు అతని భార్య వకుళ దాచుకొనిన వంటల వీడియోల నడుమ జిక్కుకొని యెంత వెదకినను దొరకకపోయెను. ఒకరు పెట్టినదానిని వేఱొకరు కదపుట, కదపినవారు నేను గాననుట, అన్నము చల్లారిపోవునంతవఱకు వాదులాడుట. తుదకు గోపీనాథము విసిగి యా పెట్టెలో నెవరికి వారికి గదులు కట్టెను.

గది యన నిటుకలతో గట్టినది కాదు. తెరమీద తన పేరు నొక్కి తన రహస్యపుమాట యిచ్చినచో తన పటములు తన కాగితములు తనకు గనబడును, ఒరులవి కనబడవు. పేరిందేవమ్మగారు మాత్రము తనకు గది వలదని యెవరి గది తెఱచియున్న దానిలోనే హరికథ వినుచుండెను. గదులు కట్టిన కొలది కాలమునకే పెట్టె కడుపు నిండిపోయెను. ఏలయన బిడ్డ పుట్టినది మొదలు తీసిన ఫొటోలనెల్ల నెవరికి వారు తమతమ గదులలో నింపుకొనిరి. అంతట గోపీనాథము వానినన్నిటిని నొక్క యుమ్మడి గదిలోనికి జేర్చి మిగిలిన ప్రతులను దుడిచివేసి యందఱి గదులనుండియు దానికి ద్వారములు పెట్టెను.

“ఫొటోలన్నీ ఇక ఒక్కచోటే వదినా. మీ గదిలోంచి చూసినా అవే, మా గదుల్లోంచి చూసినా అవే,” అని యాతడు చెప్పెను.

చెప్పినవాడు చెప్పెను; విన్నవారు తల యూపిరి. తల యూపుట వేఱు, తెలియుట వేఱు. ఇంటికి జిన్నకోడలగు వకుళ యా మాట విన్నపుడు దాని కామె తాను జూచిన యర్థమునే చెప్పుకొనెను. ఆమె పుట్టినింట దండ్రియు బినతండ్రులును వేఱుపడినప్పుడు బిందెకు బిందె, చెంబునకు జెంబు, పీటకు బీట పంచుకొనగా నామె కన్నులార జూచియుండెను. గదులు వేఱైనప్పుడు గదులలోని వస్తువులును వేఱే గదా. తన గదిలో గనబడు ఫొటోలు తన వంతువి, అక్కగారి గదిలో గనబడునవి యక్కగారి వంతువి. ఒకే తీరువి గనుక అవే యనుచున్నాడు కాబోలు నని యామె సమాధానపడెను. వేఱుపడినవారు బిందెలు పంచుకొందురు గాని నూతిని బంచుకొనరను మాట యామెకు దోపలేదు. తోపనందులకు ఆమెను దప్పుపట్టువారు ముందుగా దమ యింటి కంప్యూటరు సంగతి యెంత తెలియునో తమ్ము దాము ప్రశ్నించుకొందురు గాక.

ఆ యుమ్మడి గదిలో నొక వీడియో గలదు. కిందటి యాషాఢమున వకుళ దానిని దీసెను. పూర్ణకు నరుగుమీద హైమవతి గోరింటాకు పెట్టుచుండగా వకుళ ఫోనును గిటికీకి నానించి యాపుట మఱచి లోనికి బోయెను. అందుచేత నా వీడియో బహుదీర్ఘమై గోరింటాకు పెట్టుట యారంభము మొదలు ఆరునంతవఱకు సర్వమును దనలో నింపుకొనెను. అందు పూర్ణ చేతులు చాచుకొని మోచేతితో ముక్కు రాచుకొనబోవును.

“కదలకే. కదిలావంటే పండదు,” అని హైమవతి గొంతు వినబడును.

“అయితే ముక్కు నువ్వే గోకు. గట్టిగా కాదు, మెల్లిగా,” అని పూర్ణ గొంతు వినబడును.

ఆ బిడ్డ గొంతు లోకమున మిగిలిన దదొక్కచోటనే. తీసిన ఫోను ఏలేరుకాలువ పాలై చాలకాలమయ్యెను. ప్రతిదినము మధ్యాహ్నము అత్తగారు కునుకుతీయు వేళ హైమవతి తన గది తెఱచి చప్పుడు తగ్గించి యా రెండు మాటలను విని మరల మూసివేయుచుండెను. ఫొటోల జోలికి దఱచుగా బోవదు. ఆ యొక్క గొంతు విని లేచినచో సాయంకాలపు పొయ్యి వెలిగించుటకు వలయు సత్తువ యామెకు గలుగుచుండెను.

ఇట్లుండగా వకుళ కడుపుతో నుండెనని తెలిసెను. పేరిందేవమ్మగారి యానందమునకు మేర లేకపోయెను. ఆ పెద్దామె చిన్నకోడలిని వంటయింట నొంటిగా గూర్చుండబెట్టుకొని “పూర్ణే మళ్ళీ వస్తోందే. నా మనసు చెబుతోంది. అది రావాలంటే పాత రూపం నీ కళ్ళ పడకూడదు. ఆ ఫొటోలు చూడకు తల్లీ,” అని చెప్పెను. చెప్పుటలో చెడుతలంపు లేదు. వినుటలోను లేదు. చెడుతలంపు లేకుండగనే యిండ్లు కూలునని లోకమెఱుగును.

ఇక ఆషాఢపు మధ్యాహ్నమునకు వత్తము. హైమవతి వీధిలోని రోటిచప్పుడు వినలేక తలుపు దగ్గఱగా వేసి కంప్యూటరు ముందు గూర్చుండి తన గది తెఱచి యుమ్మడి ద్వారమును నొక్కెను. పూర్ణ పేరుగల ఫొటోల అర లేదు. మరల నొక్కెను. లేదు. విద్యుత్తు తగ్గినందున గనబడలేదేమో యని యంత్రము నాపి మరల వెలిగించెను. పండుగలు పెండ్లిండ్లు అరకులోయ ప్రయాణము అన్నియు నున్నవి. పూర్ణ లేదు.  అప్పు డామె యేడ్వలేదు. లేచి వంటయింటి గోడ నానుకొని నిలిచి “మళ్ళీ పోయింది,” అని తనలో దా ననుకొనెను.

సాయంకాలము గోపీనాథము కార్యాలయమునుండి వచ్చి చెమట యారకముందే యంత్రము ముందు గూర్చుండెను. తీసివేసినవి చేఱు చెత్తబుట్ట యొకటి తెరమీద నుండును. హైమవతి గదిలోని యా బుట్టను దెఱచి చూచెను. ఖాళీ.

“నీ గదిలోంచి కూడా చూడవయ్యా,” అని హైమవతి ప్రాధేయపడెను.

“అక్కర్లేదు వదినా. ఫొటోలు ఒక్కటే అయినప్పుడు బుట్టా ఒక్కటేగా,” అని యాతడు నిశ్చయముగా జెప్పెను.

విధి యెంత పరిహాసప్రియమో చూడుడు. ఒక్కటియైన దానిని వేఱని భార్య నమ్మెను. వేఱైన దానిని నొక్కటియని భర్త నమ్మెను. ఇరువురి నమ్మకముల నడుమ నొక తల్లి నలిగిపోయెను. గోపీనాథము భార్యను గూడ నడిగెను. “నాకేం తెలుసండీ,” అని వకుళ తలుపు పట్టుకొని చెప్పెను. ఆమె మొగము సున్నము కొట్టినట్లు పాలిపోయినది గాని కడుపుతో నున్నవారి మొగము లట్లే యుండునని యెవరును బట్టించుకొనలేదు.

అది మొదలు హైమవతి నోట మెతుకు దిగలేదు. ఒకనాడు పసిబిడ్డకు బటము గూడదను నింటి యాచారమును దలచుకొని, పూజ చేసికొనుచున్న యత్తగారి యెదుట నిలిచి “ఆ ఫొటోలు మీరే కదా తీయించేశారు అత్తయ్యా,” అని సూటిగా నడిగెను.

పేరిందేవమ్మగారు చేతిలోని యక్షతలు పళ్ళెములో విడిచి “చూడకు అన్నాను కానీ తీసెయ్యమనలేదే. నా మనవరాల్ని నేనెందుకు తీయిస్తాను,” అని యేడ్చెను. ఆ యేడ్పు నిజమే. అది నిజమని తెలిసినందున హైమవతికి గోపము నిలుపుకొనుటకు గూడ జోటు లేకపోయెను.

ఆమె బంధువుల కందఱికిని ఫోను చేసెను. పూర్ణ ఫొటో యేదైన మీకడ నున్నదా యని యడిగెను. తోబుట్టువులను, వియ్యాలవారిని, ఒకనాడు కయ్యమాడి మాటలు మానుకొనిన మేనత్తను గూడ నడిగెను. మాకెందుకులే యని చూచి వదలినవారే గాని దాచుకొనినవారు లేరు. సామర్లకోటనుండి యొకరు పెండ్లిఫొటో యొకటి పంపిరి. అందు పెండ్లిపెద్దల కాళ్ళనడుమ పూర్ణ పరికిణీయంచును ఒక మోచేయియు మాత్రము గనబడుచుండెను. ఆ మోచేతిని హైమవతి పెద్దది చేసి చేసి చూచెను. పెద్దది చేసినకొలది యది మోచేయి గాక మచ్చలుగా మాఱిపోయెను.

కంప్యూటరులు బాగుచేయు మెకానిక్కు నొకనిని విశ్వపతిగారు పిలిపించిరి. అతడు హైమవతి గదిలోనే కొంతసేపు వెదకి, పోయినవి దొరకునని చెప్పజాలనని, పెట్టె మందగించినది గనుక దుకాణమునకు గొనిపోయి లోన నున్నదెల్ల దుడిచి క్రొత్తగా సిద్ధము చేసి యిత్తునని చెప్పి పోయెను. హైమవతి మాత్రము ఖాళీయైన యా గది తెఱచుకొని ప్రతిమధ్యాహ్నము మునుపటివలెనే కూర్చుండుట మానలేదు. ఏమియు లేని చోటును జూచుచు గూర్చుండుట యేడ్చుటకన్న ఘోరము. చూచి చూచి విశ్వపతిగారి ధైర్యము సడలెను. బిడ్డ పోయిననాడు సైతము బడికి బోయి లెక్కలు చెప్పినవాడు. ఆనాడు చెప్పిన లెక్కలన్నియు దప్పులేయని తోటి యుపాధ్యాయులు పిమ్మట చెప్పుకొనిరి.

“ఇవాళ సాయంత్రం అతను వచ్చి పెట్టె తీసుకెళ్తాడు హైమా. మొత్తం తుడిపించేస్తాను. ఖాళీ పెట్టె ముందు నువ్వలా కూర్చుంటే నేను చూడలేకపోతున్నాను,” అని యాయన యొకనాడుదయమున జెప్పెను.

హైమవతి యెదురాడలేదు. ఎదురాడుటకైన నేదో మిగిలియుండవలయును గదా. తలుపుచాటున నున్న వకుళ మాత్రము గోడను బట్టుకొని నిలిచిపోయెను.

ఆషాఢము వెళ్ళిపోవుచుండెను. ఆ దినమే పేరిందేవమ్మగారు గోరింటాకు రుబ్బించి, వాచిన వ్రేళ్ళతో దాను బెట్టలేనని, చూలాలి చేయి పండకుండ మాసము దాటరాదని పెద్దకోడలిని బ్రతిమాలెను. హైమవతి మాఱుమాట లేకుండ గిన్నె పుచ్చుకొని యరుగుమీద గూర్చుండెను. అది పూర్ణ కూర్చున్న యరుగే. వకుళ యెదుట గూర్చుండి మొదట గుడిచేయి పిమ్మట నెడమచేయి చాచెను. అరచేతి నడుమ చందమామ, చుట్టును జుక్కలు, వ్రేళ్ళకు టోపీలు. హైమవతి పెట్టిన విధ మదే; ఆమెకు వేఱొక విధము రాదు. రెండు చేతులును నిండినవి. అప్పుడు వకుళ మాటలాడెను.

“అక్కా, ఆ ఫొటోలు నేనే తీసేశాను.”

హైమవతి వ్రేలు గిన్నెలోనే నిలిచిపోయెను.

“నా గదిలోవి నావి, మీ గదిలోవి మీవి అనుకున్నాను. నా వంతు మాత్రమే తీసేస్తున్నాననుకున్నాను. కడుపులో ఉన్నది పూర్ణే అన్నారు అత్తయ్యగారు. పాత రూపం కంటబడితే రాకుండా వెనక్కి వెళ్ళిపోతుందేమోనని భయమేసింది. దాన్ని మళ్ళీ మీ ఒళ్ళో పెడదామనుకున్నానక్కా.”

ఆ క్షణమున హైమవతికి గలిగినది జాలి యని చెప్పినచో నేను బొంకినవాడనగుదును. కలిగినది క్రోధము. తాను మెతుకు ముట్టని పూటలన్నియు, బంధువుల నెల్ల దేహియని యడిగిన మాటలన్నియు, అత్తగారి నేడిపించిన యుదయమును ఒక్కమాఱుగా గన్నులకు గట్టెను. ఎదుట నున్న యా చేతులను విదలించి కొట్టవలెనని యామె చేయి లేచెను. లేచిన చేయి యెదుటిదాని కడుపు చూచి యాగెను.

“ఇన్నాళ్ళూ నన్ను చూస్తూ ఎలా ఊరుకున్నావే,” అని యడిగెను.

“చెబితే మళ్ళీ నా మొహం చూడరని. చేతులు ఖాళీగా ఉంటే ఇప్పుడు కూడా లేచి పారిపోయేదాన్ని. అందుకే రెండూ పెట్టేదాకా ఆగాను.”

“తీసేసినవి ఏమయ్యాయి?”

“నా గదిలోనూ ఓ బుట్ట ఉందక్కా. అందులో పడ్డట్టే కనిపించాయి. తరవాత తెరవలేదు. ఆయనేమో బుట్ట ఒక్కటే, ఖాళీ అన్నారు. తెరిస్తే నిజంగానే ఖాళీగా ఉంటుందేమోనని.”

ఆ మాట ముగియుటయు నడిమింట తీగెలు విప్పు చప్పుడు వినబడుటయు నొక్కసారియే జరిగెను. మెకానిక్కు వచ్చి యప్పుడే పని కారంభించెను. హైమవతి చేయి కడుగుకొనుట మఱచి లోనికి బరుగెత్తి యాతనికిని యంత్రమునకును నడుమ నిలిచి “తీగలు పెట్టెయ్యండి. మళ్ళీ పెట్టెయ్యండి,” అనెను. విశ్వపతిగారు భార్య మొగము చూచి మెకానిక్కునకు సైగ చేసిరి. యంత్రము వెలిగెను. హైమవతి వకుళ పేరు నొక్కగా రహస్యపుమాట యడిగెను.

“చెప్పు,” అని యామె వెనుదిరుగకయే యనెను.

వకుళ గుమ్మమున నిలిచి పచ్చని చేతులు రెండును గాలిలో నుంచుకొని “పూర్ణపిన్ని,” అని చెప్పెను.

ఆ మాట పెట్టినది తానో పూర్ణయో వకుళ చెప్పలేదు; ఎవరును అడుగలేదు. హైమవతి యొక్కొక్క యక్షరమును వెదకి నొక్కెను. నొక్కిన మీటకెల్ల గోరింటాకు ముద్ద యంటుకొనెను. గది తెఱచుకొనెను. బుట్ట తెఱచుకొనెను.

బుట్ట నిండుగా నుండెను.

లోకమున నొక ధర్మము గలదు. యంత్రములును దానినే పాటించుచున్నట్లున్నవి. మనము కూర్చుకొనిన యానందములు పదిమంది యుమ్మడి గదిలో నుండును. వానిని దీసివేసినవా రొక్కరైనను బోగొట్టుకొనువా రందఱును. కాని పాఱవైచినది మాత్రము పాఱవైచినవారి బుట్టలోనే పడియుండును. దానిని నూఱుగురు నూఱు గదులలో వెదకినను ఫలము లేదు. వారి నోటినుండి వెలువడు మాటయే దానికి దాళపుచెవి.

మెకానిక్కు చెప్పిన మీటను హైమవతి నొక్కగా ఫొటోలన్నియు దీసివేసిన చోటికే తిరిగి చేఱెను. తాత కళ్ళజోడు పెట్టుకొనిన పూర్ణ. బొబ్బట్టు రెండు చేతులతో బట్టుకొనిన పూర్ణ. తడితలతో గోపీనాథుని మెడమీద నెక్కిన పూర్ణ. పేరిందేవమ్మగారు దేవునిగది విడిచి వచ్చెను. విశ్వపతిగారు కుర్చీవెనుక నిలిచి, బిడ్డ పోయినది మొదలు చూడనని యొట్టుపెట్టుకొనిన యా రూపమును జూచి, గట్టిగా ఏడ్చిరి. మెకానిక్కు తలవంచుకొని తీగెలను సరిచేయుచున్నట్లు నటించెను.

హైమవతి మాత్రము వెదకుచునే యుండెను. ఉమ్మడి గదిలో జూచెను. మరల బుట్టలో జూచెను. గోరింటాకు వీడియో లేదు.

“అది తీసేసేటప్పుడు కంప్యూటరు ఏదో ఇంగ్లీషులో అడిగిందక్కా. అవుననే నొక్కాను,” అని వకుళ సన్నని గొంతుతో జెప్పెను.

“బుట్టలో పట్టనంత పెద్దదైతే అలా అడుగుతుందండి. అవునంటే ఇక బుట్టలోకి రాదు. పూర్తిగా పోతుంది. వెతుకుతాను కానీ ఆశ పెట్టుకోకండి,” అని మెకానిక్కు చెప్పెను.

అతడు చీకటిపడువఱకు వెదకెను. దొరకలేదు.

అది పిమ్మటి మాట. ఆ క్షణమున హైమవతి కుర్చీనుండి జాఱి నేలమీద గూర్చుండి “గొంతు పోయింది,” అనెను. రూపము దిరిగి వచ్చెను, రూపము మాటలాడదు. వేయి ఫొటోలిచ్చి యా రెండు మాటలు తీసికొనిపొమ్మని యెవరైన వచ్చినచో నామె యిచ్చియుండును. ఇచ్చుటకు వచ్చువా రెవరు?

వకుళ గుమ్మము దిగి వచ్చి యామె యెదుట జతికిలబడెను. అప్పటికి గన్నీరు ముక్కు రెండును గాఱుచుండెను. చేతులు చూచుకొనగా ముద్దతో నిండియున్నవి. తుడుచుకొను వీలు లేక యామె మోచేతి నెత్తి ముక్కు రాచుకొనబోయెను. రాచుకొనబోవగా నెడమ యరచేయి చీర కుచ్చెళ్ళకు దగిలెను.

“కదలకే. కదిలావంటే పండదు.”

ఆ మాట యెవరన్నదని హైమవతి తానే త్రుళ్ళిపడెను. అన్నది తానే. గొంతు తనదే. వీడియోలో బ్రతిదినము తాను విన్న తన గొంతే. ఆ మాటకు బిమ్మట రావలసిన మాటకొఱకు గది యంతయు నిలిచి యుండెను. గోరింటాకు పెట్టిననాడు కిటికీకి ఫోను ఆనించి లోనికి బోవుటకు ముందు అక్కడనే నిలిచి విన్న వకుళ తెలిసి యన్నదో తెలియక యన్నదో తల వాల్చి అనెను.

“గట్టిగా కాదక్కా. మెల్లిగా.”

 హైమవతి తన కొంగుచివరను వ్రేలికి జుట్టుకొని వకుళ కన్నులను ముక్కును దుడిచెను. గట్టిగా గాదు, మెల్లిగా. క్షమించెనా యని యడుగువారికి నాకడ సమాధానము లేదు. తుడిచెనని మాత్రము చెప్పగలను.

ఆ సాయంకాలము వాన పట్టెను. నూతికడ నిద్దఱును జేతులు కడుగుకొనిరి. వకుళ చేతులు బాగుగనే పండినవి గాని యెడమ యరచేతి చందమామ యొకప్రక్క చెదరియుండెను. హైమవతి కుడిచేతి వ్రేళ్ళ చివరలు, తాను బెట్టుకొనకయే, ఎఱ్ఱగా బండియుండెను.